చలి చొక్కా వేసినా వణకని ఎనిమిదిమంది

రిటైరైన నర్సులు జ్ఞాపకాలు రాస్తే కష్టమైన కాన్పుల గురించో, బతకరనుకున్నాక లేచి కూర్చున్న రోగుల గురించో రాస్తారు. నేను కొవ్వు గురించి రాయబోతున్నాను. అందులోనూ నేను చేసిన ఒక పెద్ద పొరపాటు గురించి. నర్సింగ్ చదువుకుంటున్న పిల్లలు తమ పత్రికకు ఏదైనా స్ఫూర్తినిచ్చేది రాయమని అడిగారు. స్ఫూర్తి సంగతి నాకు తెలీదు. తప్పు చేసినప్పుడు తలవంచడం వేరు, తప్పు చేశాం కాబట్టి ఏం చెప్పినా తల ఊపాలనడం వేరు. ఈ తేడా నాకు యాభై ఎనిమిదో ఏట తెలిసింది. మీకు ఇంకొంచెం ముందే తెలిస్తే మంచిది కదా అని రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు. ఎందుకుండదో చదివితే మీకే అర్థమవుతుంది.

కోవిడ్ వార్డుల్లో రెండేళ్ళు పనిచేశాక నా మోకాళ్ళు మొరాయించాయి. కూర్చుని చేసే పని కోసం వెతుక్కుంటే ఎమిరేట్స్‌లోనే, అల్ ఐన్ ఊళ్ళో ఒక పరిశోధన కేంద్రంలో దొరికింది. పరిశోధనకు ఒప్పుకున్నవాళ్ళ చేత సంతకం పెట్టించడం, ఫారాలు నింపడం, రక్తం తీయడం, కొలతలు రాసుకోవడం నా పని. ఎవరి పేరూ బయటికి తెలియకుండా ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇస్తాం. ఏ నంబరు ఎవరిదో రాసిన రిజిస్టరు నా బీరువాలో, తాళంచెవి నా మెళ్ళో గొలుసుకు ఉండేవి. స్కాన్లు చూసేవాళ్ళకైనా, లెక్కలు కట్టేవాళ్ళకైనా నంబర్లే తప్ప మనుషులు కనిపించకూడదు. అది నియమం.

పరిశోధన సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒంట్లో కొవ్వంతా ఒకే రకం కాదు. పొట్ట మీదా తొడల మీదా చేరే తెల్లకొవ్వు తిండిని దాచిపెడుతుంది. గోధుమరంగు కొవ్వని ఇంకోటుంది. అది తిండిని మండించి ఒంటికి వెచ్చదనం ఇస్తుంది. పసిపిల్లల్లో బాగా ఉంటుంది, పెద్దవాళ్ళలో మెడ దగ్గరా భుజాల దగ్గరా కాస్త మిగులుతుంది. చలి వేస్తే పని మొదలుపెడుతుంది. పడుచు వయసువాళ్ళు మూడు నెలలు గట్టిగా వ్యాయామం చేస్తే ఈ కొవ్వు చురుకుదనం పెరుగుతుందా, ఒళ్ళు తిండిని ఖర్చుచేసే తీరు మారుతుందా అన్నది మా ప్రశ్న. పెరిగి తీరుతుందని మా ప్రొఫెసరమ్మ నమ్మకం. ఆవిడ నమ్మకాన్ని ఆవిడకంటే ఎక్కువగా నమ్మినవాడు మా కోఆర్డినేటరు.

అతను మన తెలుగువాడే, విశాఖ వైపు మనిషి. డాక్టరేటు పుచ్చుకుని వచ్చాడు, ముప్పై అయిదేళ్ళు కూడా ఉండవు. నన్ను ఆంటీ అనేవాడు. సిస్టర్ అనమని రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. చెడ్డవాడు కాదు. అందరికన్నా ముందొచ్చి అందరికన్నా చివర వెళ్ళేవాడు, మధ్యాహ్నం భోజనం మర్చిపోతే నా డబ్బాలోంచే పెట్టేదాన్ని. ఈ పరిశోధన బాగా వస్తే అతనికి పెద్ద విశ్వవిద్యాలయంలో చోటు దొరుకుతుంది. ఆ తొందర అతన్ని ఎప్పుడూ తరుముతూ ఉండేది.

కొలిచే పద్ధతి చూడ్డానికి సరదాగా ఉండేది. సన్నటి గొట్టాలు కుట్టిన చొక్కా తొడిగి, ఆ గొట్టాల్లో చల్లటి నీళ్ళు తిప్పుతాం. మనిషి వణకడం మొదలుపెట్టగానే నీళ్ళు రవ్వంత వెచ్చబరిచి, ఆ అంచునే రెండు గంటలు కూర్చోబెడతాం. తర్వాత స్కాన్ తీస్తే, గోధుమ కొవ్వు పనిచేస్తున్న చోటు వెలుగుతూ కనిపిస్తుంది. బయట ఎండకు కారు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలే ఊళ్ళో, జనానికి చలి పెట్టి జీతం తీసుకుంటున్నావని మా ఆయన వెక్కిరించేవారు.

మాకు రెండు గుంపులు కావాలి. వ్యాయామం చేసే గుంపుకు విద్యార్థులు ఎగబడ్డారు. ఉచితంగా జిమ్ము, పక్కనే శిక్షణ ఇచ్చేవాడు, ఎవరు కాదంటారు? రెండో గుంపు మూడు నెలలూ వ్యాయామం జోలికి పోకుండా మామూలుగా బతకాలి. దానికి ఏ పదిమందో తప్ప ఎవరూ రాలేదు. వారాలు గడుస్తుంటే కోఆర్డినేటరు నా బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే తీసుకురండి ఆంటీ అన్నాడు. తెలిసినవాళ్ళు నాకు లేకేం.

సెలవు రోజు సనయ్యకు, అంటే ఊరి చివర షెడ్లూ గ్యారేజీలూ ఉన్న పేటకు వెళ్ళి, క్యాంపుల్లో ఉండే మన కుర్రాళ్ళకు బీపీ, షుగరు చూసిపెట్టడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. అక్కడ ఒకే గదిలో ఉండేవాళ్ళు ఎనిమిదిమంది ఒప్పుకున్నారు. అందరూ ఉత్తర తెలంగాణ పల్లెలవాళ్ళు, పాతికేళ్ళ లోపువాళ్ళు, ఖర్జూరం ఫ్యాక్టరీలో పని. వ్యాయామం చేస్తారా అని ఫారంలో ఉన్న ప్రశ్న అడిగాను. గదంతా నవ్వింది. జిమ్ముకు పోయే మొఖాలా సిస్టరమ్మా మావి అన్నారు. ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టాను. వృత్తి దగ్గర ఖర్జూరం ఫ్యాక్టరీ అని రాశాను. దాని పక్కనే శ్రమ ఎంత అనే గడి ఉంది. ఏసీ హాల్లో బల్ల ముందు కూర్చుని ఖర్జూరాలు ఏరి డబ్బాల్లో సర్దుతారని నాకు నేనే ఊహించుకుని, ‘తేలికపాటి పని’ అని నింపేశాను. వాళ్ళనెవరినీ అడగలేదు. నా పొరపాటంటే ఇదే.

సంతకాలు పెట్టేముందు వాళ్ళు ఒక్క విషయం మాత్రం రెండుసార్లు చదివించుకున్నారు. మీరు వచ్చిన సంగతి, మీ పేర్లు మీ కంపెనీకి చెప్పం అన్న వాక్యం. స్కానుకు రావాలంటే వాళ్ళు ఫోర్‌మెన్‌కు జ్వరమనో కడుపునొప్పనో చెప్పి రావాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకున్నాను. ఆ వాక్యాన్ని తెలుగులో చదివి వినిపించింది నేను, దాని కింద సాక్షి సంతకం పెట్టిందీ నేనే.

చలి చొక్కా దగ్గరే నాకు అనుమానం రావలసింది. విద్యార్థులు ఇరవై నిమిషాలకే పళ్ళు టకటకలాడించేవాళ్ళు. ఒకడైతే వాళ్ళమ్మకు ఫోన్ చేస్తానని గొడవపెట్టాడు. ఈ ఎనిమిదిమందికీ యంత్రం వెళ్ళగలిగినంత కిందికి నీళ్ళు చల్లబరిచినా వణుకు రాలేదు. ఒకడు హాయిగా నిద్రపోయాడు. యంత్రం చెడిపోయిందేమోనని టెక్నీషియన్ రెండుసార్లు విప్పి చూశాడు. నేనేమో, మావాళ్ళు పొలాల్లో పెరిగిన పిల్లలు, గట్టి రక్తం అని ఛాతీ విరుచుకుని చెప్పాను. నేను గోదావరి జిల్లా దాన్నని, ఆ పిల్లల పొలాలు ఎలా ఉంటాయో నేనెప్పుడూ చూడలేదని ఆ పూట నాకు గుర్తే రాలేదు.

మూడు నెలలు గడిచి, చివరి కొలతలు ఒక్కొక్కటే వస్తున్నాయి. జిమ్ముకు వెళ్ళిన పిల్లలు సన్నబడ్డారు, ఆయాసం తగ్గింది, ఊపిరి కొలతలు బాగుపడ్డాయి. గోధుమ కొవ్వు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. రెండో గుంపులో నా క్యాంపు కుర్రాళ్ళకు మెడలు, భుజాలు దీపాలు పెట్టినట్టు వెలుగుతున్నాయి. రెండు గుంపులనూ పక్కపక్కన పెడితే వ్యాయామం చేస్తే నష్టమని చెబుతున్నట్టుంది లెక్క. కోఆర్డినేటరు రెండు రోజులు నేను పెట్టిన అన్నం ముట్టలేదు.

ఎనిమిదిమందిలో ఆఖరివాడు మే నెలలో మధ్యాహ్నం పూట వచ్చాడు. డ్యూటీ మీంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చంకలో దుప్పటంత మందం కోటు ఉంది. ఈ ఎండలో ఆ కోటేంట్రా బాబూ అన్నాను. వాడు సిగ్గుపడుతూ చెప్పాడు.

“మేం లోపల ఫ్రీజర్ల పన్జేస్తం సిస్టరమ్మా. ఖర్జూరం డబ్బాలు పురుగు పట్టకుండ మైనస్ల పెడ్తరు. దింపుడు, ఎక్కిచ్చుడు అంత మాదే. పొద్దుగాల పోతే పొద్దుమీకి బయటికొస్తం.”

“మరి నాకు చెప్పలేదేం?”

“మీరు కసరత్తు చేస్తరా అన్నరు, చెయ్యం అన్నం. చలిల ఉంటరా అని అడగకపోతిరి.”

వాడి చేతులు పట్టుకుని చూశాను. వేళ్ళ కొసలు పగిలి, గోళ్ళ చుట్టూ చర్మం గట్టిపడి ఉంది. మూడు నెలల్లో మూడుసార్లు ఆ చేతికి సూది గుచ్చి రక్తం తీశాను, ఒక్కసారీ ఆ వేళ్ళు చూడలేదు. నర్సుగా అంత సిగ్గు నాకెప్పుడూ వేయలేదు. రోజంతా మంచులో బరువులు ఎత్తే మనిషిని తీసుకొచ్చి ‘తేలికపాటి పని’ అని రాసి, వీళ్ళకు చలి ఎందుకు వేయదో అని పరిశోధన చేస్తున్నాం.

వెళ్ళేముందు వాడు తలుపు దగ్గర ఆగాడు. “ఇది మా ముదీర్‌కు తెలుస్తదా? పోయిన నెల జ్వరమని అబద్ధం చెప్పిండని పక్క రూములోన్ని ఒకన్ని వారంల ఇంటికి తోలిన్రు. నాకు వచ్చే నెలల ఫోర్క్‌లిఫ్ట్ నేర్పిస్తమన్నరు సిస్టరమ్మా, ఆ చలిలకెళ్ళి బయటపడ్త.” ముదీర్ అంటే మేనేజరు. తెలియదని చెప్పాను. కాగితం మీద రాసిచ్చిన మాటే మళ్ళీ నోటితో చెప్పాను.

వెంటనే కోఆర్డినేటరు దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. తప్పు నాది, ఆ గడి నేను ఊహించి నింపాను అన్నాను. అతను కోప్పడతాడనుకున్నాను. అతని ముఖం విప్పారింది. కారణం దొరికింది కదా! ఎనిమిదిమందినీ లెక్కలోంచి తీసేస్తే గొడవ వదిలిపోతుంది. కాకపోతే ఊరికే తీసేస్తే నచ్చనివి ఏరిపారేశారని అడుగుతారు. అందుకని, వాళ్ళు తప్పుడు సమాచారం ఇచ్చారని రాసి, వాళ్ళు చేసే పనికి రుజువు కావాలని ఫ్యాక్టరీకి ఉత్తరం పెడదామన్నాడు. ఆ ఉత్తరంలో పేర్లుంటాయి, వాళ్ళు ఇక్కడికి వచ్చిన తేదీలుంటాయి. ఆ తేదీల్లోనే అక్కడ జ్వరాలు కూడా ఉంటాయి.

వాళ్ళు తప్పు చెప్పలేదన్నాను. ఫైలుకు రుజువు కావాలన్నాడు. నేను రాసిస్తానన్నాను. మీరు రాసిస్తే సరిపోదు, కంపెనీ ముద్ర ఉండాలన్నాడు. కంపెనీకి చెప్పబోమని రాసి సంతకం పెట్టించుకున్నాం కదా అంటే, తప్పుడు సమాచారం ఇస్తే ఆ మాట చెల్లదన్నాడు. అలా ఎక్కడ రాసి ఉందో చూపించమన్నాను. చూపించలేదు. రేపు ప్రొఫెసర్ గారి ముందుకు రిజిస్టరు తీసుకురండి అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పదింటికి ప్రొఫెసరమ్మ గదిలో ముగ్గురం కూర్చున్నాం. నేను చేతులు ఊపుకుంటూ వెళ్ళాను. ఆవిడ మర్యాదస్తురాలు, నన్ను కాఫీ తాగుతారా అని అడిగారు. తర్వాత ఆంగ్లంలో నెమ్మదిగా చెప్పారు. ఎనిమిదిమంది వల్ల మూడేళ్ళ శ్రమ బూడిదలో పోయేలా ఉంది, ఒక్క ఉత్తరంతో సరిదిద్దుకోవచ్చు, ఆ కుర్రాళ్ళకు ఇబ్బంది రాకుండా కంపెనీవాళ్ళతో తాను స్వయంగా మాట్లాడతానన్నారు. ఆవిడ ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ ఆవిడ మాట ఫ్యాక్టరీ ఆఫీసులో ఎంతవరకు నిలబడుతుందో ఆవిడకు తెలీదు, నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఈ దేశంలో క్యాంపులు చూస్తున్నాను. కుర్రాళ్ళను పంపించేసేటప్పుడు పెట్టె సర్దుకోవడానికి వాళ్ళకిచ్చే సమయం ఎంతో చూశాను.

ఇవ్వనన్నాను.

ఆవిడకు సరిగ్గా వినపడలేదేమోనని ఇంకోసారి అన్నాను. రిజిస్టరు ఇవ్వను, ఫ్యాక్టరీకి ఉత్తరం వెళ్ళనివ్వను. నా తప్పు ఎంత పెద్దదో అంతా నా పేరు మీదే రాయండి, దానికి సంతకం పెడతాను. ఆ పిల్లలు అబద్ధం చెప్పారని మాత్రం ఎవరు రాసినా నేను ఊరుకోను. అడగని ప్రశ్నకు జవాబు చెప్పలేదని మనిషిని అబద్ధాలకోరు అనడానికి మనకు నోరెలా వస్తుంది?

కోఆర్డినేటరు ఇంక ఆగలేక తెలుగులోకి దిగాడు. “ఆంటీ, మీ కాంట్రాక్టు రెండు నెలల్లో అయిపోతోంది. రెన్యూ చెయ్యాల్సింది ఈ గదిలోనే. ఎందుకు మొండికేస్తున్నారు? అసలు మీరు ఎవరి వైపు?”

“సంతకం పెట్టినోళ్ళ వైపు బాబూ. నువ్వు రెన్యూ చెయ్యకపోతే ఇంటికెళ్ళి పడుకుంటాను, నాకు మోకాళ్ళ నొప్పులు కూడానూ. అప్పులు చేసి వచ్చిన ఆ పిల్లల్ని ఇంటికి పంపిస్తే వాళ్ళెక్కడ పడుకోవాలో నువ్వు చెబుతావా?”

కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాను. అయితే బీరువా తెరవడానికి వేరే ఏర్పాటు చేసుకుంటామని అతను అన్నాడు. అప్పుడు చెప్పాను, రిజిస్టరు బీరువాలో లేదని. పొద్దున్నే దాన్ని కవరులో పెట్టి, లక్కతో ముద్ర వేసి, పరిశోధనల్లో నీతి నియమాలు చూసే కమిటీ ఆఫీసుకు అప్పగించి రసీదు తీసుకున్నాను. దానితోపాటు నా పొరపాటు గురించి రెండు పేజీలు రాసిచ్చాను. ఆ రసీదు ప్రొఫెసరమ్మ ముందు పెట్టాను. ఆవిడ దాన్ని చాలాసేపు చూసి, మీరు నాతో ముందే మాట్లాడి ఉండాల్సింది అన్నారు. ఆ మాట నిజమే. ముందే మాట్లాడితే మెత్తబడతానని భయపడ్డానండీ అన్నాను.

కమిటీ మూడు వారాలు తీసుకుంది. ఆ మూడు వారాలూ నాతో మాట్లాడినవాళ్ళు తక్కువ. యంత్రం దగ్గరి టెక్నీషియన్ మాత్రం రోజూ టీ తెచ్చి పెట్టేవాడు. క్యాంపుకు వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. ఏ క్షణాన ఫోను మోగి, మమ్మల్ని పంపించేస్తున్నారని చెబుతారో అని దాన్ని దిండు పక్కనే పెట్టుకుని పడుకునేదాన్ని.

చివరికి తీర్పు వచ్చింది. ఫ్యాక్టరీకి ఎవరూ ఏమీ రాయకూడదు. ఫారంలో తప్పు కేంద్రానిది, పాల్గొన్నవాళ్ళది కాదు. జరిగింది ఆ ఎనిమిదిమందికీ వివరంగా చెప్పాలి, తమ కొలతలు ఉంచాలో తీసేయాలో వాళ్ళే చెప్పాలి. ఆ చెప్పే పని నాకే అప్పగించారు.

ఆదివారం వెళ్ళాను. ఎనిమిదిమందీ మంచాల మీద కూర్చుని విన్నారు. మీది తేలిక పని అని రాశాను, మిమ్మల్ని అడక్కుండా రాశాను, క్షమించండి అన్నాను. కావాలంటే మీ కొలతలు పూర్తిగా తీసేస్తారు, మీరు మా దగ్గరికి వచ్చినట్టే ఉండదు, మీకు ఏ భయమూ ఉండదు అని చెప్పాను. అందరూ తీసేయమంటారనుకున్నాను. అంత భయపడ్డ పిల్లలు మరి! వాళ్ళలో వాళ్ళు కాసేపు గుసగుసలాడుకున్నారు. కోటుతో వచ్చినవాడే మళ్ళీ మాట్లాడాడు.

“తీసేసుడెందుకు? రెండేండ్లు ఆ చలిల నిలబడ్డది మేం కాదా? మా పేర్లు రాయకున్రి. పని రాయున్రి.”

ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది, వాళ్ళ ముందే ఏడ్చాను. వాళ్ళు కంగారుపడి చాయ్ పెట్టారు. ఎనిమిదిమంది కొలతలూ ఉన్నాయి. వ్యాసం బయటికి వచ్చినప్పుడు వాళ్ళను విడిగా చూపించారు, శీతల గిడ్డంగిలో బరువులు ఎత్తే కార్మికులు అని. వ్యాయామంతో గోధుమ కొవ్వు పెరుగుతుందని మేం చూపించలేకపోయామని ప్రొఫెసరమ్మ ఒప్పుకుని రాశారు. అలా రాయడానికి ఆవిడకు ఎంత కష్టమైందో నాకు తెలుసు, ఆ ఒక్క విషయంలో ఆవిడకు ఇప్పటికీ నమస్కారం పెడతాను. కోఆర్డినేటరు కోరుకున్న ఉద్యోగం ఆ ఏడాది రాలేదు. అందుకు నాకు బాధగానే ఉంది, కానీ పశ్చాత్తాపం లేదు. ఇప్పుడు ఫోన్లలో ఐసు తొట్టెల్లో కూర్చుంటే కొవ్వు కరుగుతుందని చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. పిల్లలూ, నడవండి, పరుగెత్తండి, ఊపిరికి మంచిది, అది మా కొలతల్లోనూ కనిపించింది. అంతకంటే ఎక్కువ ఎవరైనా అమ్మబోతే, వాళ్ళు ఎవర్ని ఏం అడిగి తెలుసుకున్నారో కనుక్కోండి.

అనుకున్నట్టే నా కాంట్రాక్టు పొడిగించలేదు. ఆఖరి రోజు కోఆర్డినేటరు ఒక కాగితం ముందు పెట్టి సంతకం చేయమన్నాడు, సర్వీసు ఫైలులో ఉంచడానికి. అందులో రెండే వాక్యాలున్నాయి. మొదటిది, పాల్గొనేవారి ఎంపికలో ఈమె నిర్లక్ష్యం వహించింది. అది నిజం, సంతకం పెట్టాను. రెండోది, పాల్గొన్నవారి పేర్లు వెల్లడించమని పై అధికారులు ఆదేశించినా ఈమె నిరాకరించింది. దాని కింద కూడా నా సంతకం కావాలన్నట్టు కొంచెం సంకోచిస్తూ వేలితో చూపించాడు, నేను గొడవపెడతాననుకుని. పూర్తి పేరుతో, పొడి అక్షరాలేవీ మింగకుండా సంతకం పెట్టి, నాకొక జిరాక్సు కావాలన్నాను. ఎందుకని అడిగాడు. ముప్పై ఏళ్ళలో నాకిచ్చిన కాండక్టు సర్టిఫికెట్లన్నీ ఒక అట్టపెట్టెలో ఉన్నాయి బాబూ, ఇది మాత్రం గోడకు పెట్టుకుంటాను అన్నాను.